స్లీప్ అప్నియాకి నోటి ప్లేటు: మొదటి టెస్టు నుంచి రెండో టెస్టు దాకా, వరుసగా ఏం చేయాలి

రాత్రి నోట్లో పెట్టుకునే ప్లేటు గురించి అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. "అన్నా, ఆ గురక క్లిప్పు ఎక్కడ చేయించినవ్", "మా బాపుకి పనికొస్తదా", "పెట్టుకుంటే దవడ గుంజుతుంది, తీసేసినం". అందరికీ ఫోన్లో చెప్పిందే చెప్పేకంటే ఒకచోట పూర్తిగా రాయడం మేలనిపించింది. నేను డాక్టర్ని కాదు. హన్మకొండలో ఉంటాను, నాలుగేళ్లుగా ఈ ప్లేటు పెట్టుకునే పడుకుంటున్నాను, అందులో మొదటి కొన్ని నెలలు తప్పు పద్ధతిలో గడిచాయి.

డాక్టర్లు దీన్ని ఓరల్ అప్లయన్స్ అంటారు. నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి, ఊపిరి దారి మూసుకుపోవడమే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా. ప్లేటు పై పండ్లనీ కింది పండ్లనీ పట్టుకుని, కింది దవడని కొన్ని మిల్లీమీటర్లు ముందుకి జరిపి ఉంచుతుంది. దవడతో పాటు నాలుక కూడా ముందుకొస్తుంది కాబట్టి గొంతులో దారి తెరుచుకుంటుంది.

నా తప్పు ముందే చెప్తాను, ఎందుకంటే ఈ రాతంతా దాని చుట్టే తిరుగుతుంది. మొదటిసారి ఒక క్లినిక్‌లో గురక ఎక్కువని చెప్పగానే కొలతలు తీసుకుని ప్లేటు చేసిచ్చారు. స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి ఎలా ఆడుతుందో రాత్రంతా చూసే టెస్టు, చేయించమని వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. వారంలో గురక తగ్గింది, ఇంట్లో అందరూ సంతోషం. కానీ నాలుగు నెలలైనా మధ్యాహ్నం కుర్చీలోనే కన్ను పడిపోతోంది, బీపీ దిగట్లేదు. ఛాతీ డాక్టర్ దగ్గరికి పోతే, ప్లేటు పెట్టుకుని ఒక రాత్రి, పెట్టుకోకుండా ఒక రాత్రి టెస్టు చేయించారు. ప్లేటు లేకుండా గంటకి 28 సార్లు ఊపిరికి అడ్డం పడుతోంది, ప్లేటుతో 24 సార్లు. అంటే చప్పుడు మాత్రమే పోయింది, జబ్బు దాదాపు అక్కడే ఉంది. గురక తగ్గింది కదా అని ఆగిపోకూడదని ఇన్నిసార్లు చెప్పేది అందుకే.

1. ముందు స్లీప్ స్టడీ, తర్వాతే పండ్ల డాక్టర్

ఈ వరుస మార్చొద్దు. అందరి గురకా అప్నియా కాదు, అప్నియా ఉన్న అందరికీ ప్లేటు సరిపోదు.

టెస్టుకి పోవాలా వద్దా అనే అనుమానం ఉంటే డాక్టర్లు వాడే ఎనిమిది ప్రశ్నలున్నాయి: గట్టి గురక, పగలు అలసట, నిద్రలో ఊపిరి ఆగడం పక్కవాళ్లు చూడటం, బీపీ, బరువు బాగా ఎక్కువ ఉండటం, వయసు 50 దాటడం, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం, మగవాళ్లు కావడం. మూడింటికి అవునని వస్తే టెస్టు చేయించుకోవడం మంచిది.

టెస్టు రెండు రకాలు. ఇంట్లోనే వేలికి క్లిప్పు, ఛాతీకి బెల్టు, ముక్కుకి సన్న గొట్టం పెట్టుకుని పడుకునేది ఒకటి. ఆసుపత్రిలో తలకి కూడా వైర్లు పెట్టి రాత్రంతా చూసేది ఇంకొకటి. ఇంటి టెస్టు చాలామందికి సరిపోతుంది. కాకపోతే అది మనం నిద్రపోయిన సమయాన్ని కాకుండా మిషన్ రికార్డు చేసిన సమయం మొత్తాన్ని లెక్కేస్తుంది, అందుకే రాత్రంతా సరిగా నిద్ర పట్టకపోతే అంకె అసలుకంటే తక్కువ రావచ్చు. లక్షణాలు గట్టిగా ఉండి ఇంటి టెస్టులో ఏమీ లేదని వస్తే ఆసుపత్రి టెస్టు అడగండి.

రిపోర్టులో ఈ నాలుగూ వెతకండి:

- ఏహెచ్ఐ: గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది. పెద్దవాళ్లలో 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 ఆపైన తీవ్రం.
- ఆక్సిజన్ ఎంతవరకు పడిపోయింది.
- వెల్లకిలా పడుకున్నప్పుడు ఎంత, పక్కకి తిరిగినప్పుడు ఎంత.
- అబ్‌స్ట్రక్టివ్ అని ఉందా, సెంట్రల్ అని ఉందా. సెంట్రల్ అంటే మెదడు నుంచి ఊపిరి తీసుకోమన్న సంకేతమే సరిగా రాకపోవడం. దానికి దవడ జరపడంతో పని జరగదు.

2. మీకు ప్లేటు సరిపోతుందా

స్వల్పం, మధ్యస్థం అయితే ప్లేటు మంచి ప్రయత్నమే. పక్కకి తిరిగి పడుకుంటే అంకె బాగా తగ్గేవాళ్లకీ, బరువు మరీ ఎక్కువ లేనివాళ్లకీ ఇది బాగా పనిచేసే అవకాశం ఎక్కువ.

తీవ్రం అయితే మొదట సీపాప్ మిషనే. మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో దారి తెరిచి ఉంచే ఆ మిషను ఏహెచ్ఐని ప్లేటుకంటే ఎక్కువగా తగ్గిస్తుంది, ఇందులో వాదనకి తావు లేదు. కానీ మాస్కు ఎంత ప్రయత్నించినా పడని వాళ్లున్నారు. అలాంటివాళ్లకి, ఏమీ లేకుండా పడుకోవడం కంటే ప్లేటు ఎంతో మేలు. రాత్రి కరెంటు పోయినా పనిచేస్తుంది, ప్రయాణంలో జేబులో పడుతుంది.

ఒక హెచ్చరిక. ఇప్పటికే సీపాప్ వాడుతున్నవాళ్లు ప్లేటు చేతికొచ్చిన రోజే మిషన్ పక్కన పెట్టేయొద్దు. ప్లేటు సర్దుబాటు పూర్తయి, దానితో టెస్టు చేసి, డాక్టర్ చెప్పేదాకా ఎలా నడపాలో ముందే మాట్లాడుకోండి.

వీళ్లు ముందు ఆగాలి:

- కదిలే పండ్లు, చీము కారే చిగుళ్లు ఉన్నవాళ్లు
- చాలా పండ్లు లేనివాళ్లు. మామూలుగా పై వరుస మొత్తంలో ఎనిమిది నుంచి పది, కింది వరుస మొత్తంలో ఎనిమిది నుంచి పది గట్టి పండ్లయినా ఉంటేనే ప్లేటుకి పట్టు దొరుకుతుంది
- దవడ కీలులో ఇప్పటికే నొప్పి ఉన్నవాళ్లు, నోరు తెరిస్తే ఇరుక్కుపోయేవాళ్లు
- కింది దవడ ముందుకి సరిగా జరగనివాళ్లు
- పిల్లలు. ఎదిగే దవడకి పెద్దల ప్లేటు పెట్టకూడదు. వాళ్లకి ఎక్కువగా గొంతులో టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ చూడాలి, ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి

పండ్లు లేని పెద్దవాళ్ల గురించి చాలామంది అడిగారు. నాలుకనే ముందుకి పీల్చి పట్టుకునే మెత్తటి సాధనం ఒకటి వేరే ఉంది, దానికి పండ్ల పట్టు అక్కర్లేదు. అలవాటు కావడం మాత్రం ప్లేటుకంటే కష్టం.

3. నోరు సిద్ధం చేసుకోవడం

ఈ మెట్టు దాటేసినవాళ్లే తర్వాత డబ్బులు రెండుసార్లు పెట్టారు.

ప్లేటు మీ పండ్ల అచ్చులో సరిగ్గా కూర్చునేలా తయారవుతుంది. అది వచ్చాక ఒక పన్నుకి కొత్త క్యాప్ వేయించినా, పెద్ద ఫిల్లింగ్ పెట్టించినా, ఒక పన్ను పీకించినా ప్లేటు సరిపోకుండా పోవచ్చు. అందుకే పండ్ల పనులన్నీ ముందే. క్లీనింగ్, ఫిల్లింగులు, రూట్ కెనాల్, క్యాప్‌లు అన్నీ అయ్యాకే కొలతలకి కూర్చోండి. జ్ఞానదంతం పీకించే ఆలోచన ఉంటే అదీ అప్పుడే తేల్చుకోండి.

మన దగ్గర ఇంకో సమస్య గట్టిగా ఉంది, గుట్కా, వక్క. ఏళ్ల తరబడి నమిలినవాళ్లకి బుగ్గల లోపలి చర్మం గట్టిపడి నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. అద్దం ముందు నిలబడి మీ మూడు వేళ్లు నిలువుగా పండ్ల మధ్య పట్టించి చూడండి. పట్టకపోతే ప్లేటు సంగతి తర్వాత, ముందు ఆ నోరు డాక్టర్‌కి చూపించాలి. అది క్యాన్సర్ వైపు పోయే అవకాశమున్న జబ్బు, ఆలస్యం చేయొద్దు.

ముక్కు కూడా చూసుకోండి. ఎప్పుడూ ముక్కు దిబ్బడ ఉండేవాళ్లు నోటితో ఊపిరి పీలుస్తారు, ప్లేటుతో నోరంతా ఎండిపోయి నాలుగో రోజే తీసేస్తారు.

4. ఎవరి దగ్గర చేయించాలి, ఏం అడగాలి

ఆన్‌లైన్లో వేడి నీళ్లలో ముంచి కొరికి తయారు చేసుకునే రకం దొరుకుతుంది. అప్నియాకి దాన్ని నమ్ముకోవద్దు. పట్టు సరిగా ఉండదు, నిద్రలో ఊడిపోతుంది, దవడ ఎంత ముందుకొచ్చిందో కొలత ఉండదు.

మీకు కావాల్సింది మీ పండ్ల అచ్చుతో చేసిన, పైది కిందది విడివిడిగా ఉండే, స్క్రూతో గానీ పట్టీలు మార్చి గానీ కొంచెం కొంచెంగా ముందుకి జరపగలిగే ప్లేటు. నా మొదటి ప్లేటు ఒకటే ముక్క, జరపడానికి దారే లేదు. సరిపోవట్లేదని టెస్టులో తేలినా, ఏం చేయలేని ప్లేటు అది.

డెంటిస్ట్‌ని మొహమాటం లేకుండా అడగండి:

- అప్నియాకి ఇంతకుముందు ప్లేట్లు చేశారా, కేవలం పండ్లు కొరికేవాళ్లకిచ్చే నైట్ గార్డులేనా?
- ఈ ప్లేటుని జరపొచ్చా, ఎన్ని మిల్లీమీటర్ల దాకా?
- నా స్లీప్ డాక్టర్‌తో మాట్లాడతారా?
- సర్దుబాటు విజిట్లు ఎన్ని, వాటికి వేరే ఫీజా?
- విరిగితే, వదులైతే ఏం చేస్తారు?
- పొద్దున పండ్లు కుదురుకోవడానికి పెట్టుకునే చిన్న బిళ్ల కూడా ఇస్తారా?

మొత్తం ఖర్చు అడిగేటప్పుడు రెండో స్లీప్ స్టడీ కూడా కలిపి లెక్కేయండి, అందరూ మరిచిపోయేది అదే. హైదరాబాద్‌లో చేయించాలనుకునేవాళ్లు విజిట్లు లెక్కపెట్టుకోండి. కొలతలకి, పెట్టించుకోవడానికి, సర్దుబాటుకి కలిపి ఐదారుసార్లయినా కాజీపేటలో రైలెక్కాలి. ఆ ఓపిక లేక మధ్యలో మానేసేకంటే దగ్గర్లో పని తెలిసిన డాక్టర్ ఉన్నారేమో ముందు వెతకండి.

5. కొలతల రోజు

స్లీప్ రిపోర్టు, వాడే మందుల లిస్టు, పాత ఎక్స్‌రేలు ఉంటే అవి తీసుకుపోండి. కడుపునిండా తిని పోవద్దు, అచ్చు తీసేటప్పుడు వాంతి వచ్చినట్టవుతుంది. అలా అనిపిస్తే తల కొంచెం ముందుకి వంచి ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకుంటే సర్దుకుంటుంది. కొన్ని క్లినిక్‌లలో అచ్చు బదులు చిన్న కెమెరాతో స్కాన్ చేస్తారు, అది సుఖం.

అసలు ముఖ్యమైన కొలత తర్వాత వస్తుంది. కింది దవడని ఎంత వెనక్కి, ఎంత ముందుకి జరపగలరో ఒక స్కేలు పెట్టి కొలుస్తారు. మొత్తం జరిగే దూరంలో సుమారు సగం దగ్గర మొదలుపెట్టడం మామూలు పద్ధతి. ఇక్కడ చాలామంది "ఎంతైనా జరుపుత సార్" అని బలవంతంగా ముందుకి తోస్తారు. అలా చేయొద్దు. మీరు ఇబ్బంది లేకుండా పెట్టగలిగినంతే చూపించండి, రాత్రంతా ఆ దవడ అక్కడే ఉండాలి.

మొదలుపెట్టే స్థానం ఎన్ని మిల్లీమీటర్లో అడిగి రాసుకోండి. మీ పండ్లు మామూలుగా కలిసినప్పుడు ఎలా ఉన్నాయో ముందునుంచి, రెండు పక్కలనుంచి ఫోటోలు తీయించుకోండి. రెండేళ్ల తర్వాత పండ్లు కదిలాయా లేదా అన్న అనుమానం వచ్చినప్పుడు పోల్చుకోవడానికి ఇవే దిక్కు.

6. ప్లేటు చేతికొచ్చిన రోజు

తొందరపడి డబ్బాలో పెట్టుకుని ఇంటికి రావద్దు. కుర్చీలోనే పెట్టుకుని పావుగంట కూర్చుని ఇవి చూడండి:

- ఒక్క పన్ను మీదే ఒత్తిడి పడుతోందా? పడితే అక్కడే అరగదీయమనండి
- నాలుకతో నెట్టితే ఊడుతోందా?
- చిగురుకి, బుగ్గకి ఎక్కడైనా గుచ్చుకుంటోందా?
- పెదాలు మూసుకుంటున్నాయా?
- ముక్కుతో ఊపిరి సరిగా ఆడుతోందా?
- మీ అంతట మీరే పెట్టుకుని, తీసి చూపించారా?

తీసేటప్పుడు ముందు భాగం పట్టుకుని లాగకూడదు, ప్లేటు పగులుతుంది. రెండు వైపులా వెనక భాగంలో వేళ్లు పెట్టి రెండు పక్కలా ఒకేసారి కదపాలి. పెట్టుకునేటప్పుడు కూడా వేళ్లతోనే నొక్కాలి, కొరికి కూర్చోబెట్టొద్దు.

7. మొదటి రెండు వారాలు

మొదటి రోజే రాత్రంతా పెట్టుకోవాలని పట్టుబట్టనక్కర్లేదు. రెండు మూడు సాయంత్రాలు టీవీ చూస్తూ గంటో రెండు గంటలో పెట్టుకోండి. తర్వాత దానితోనే పడుకోండి. నడిరాత్రి మెలకువ వచ్చి తీసేస్తే తీసేయండి, మర్నాడు ఇంకో గంట ఎక్కువ ఉంచండి. రెండో వారం చివరికి రాత్రంతా నోట్లో ఉంటే చాలు.

సొల్లు కారుతుంది. దిండు మీద పాత టవల్ వేసుకోండి, చాలామందికి కొద్దిరోజుల్లోనే తగ్గిపోతుంది. కొందరికి దీనికి విరుద్ధంగా నోరు ఎండిపోతుంది, మంచం పక్కన నీళ్లు పెట్టుకోండి. పొద్దున పండ్లు బిగుసుకున్నట్టు ఉండటం, దవడ కండరాలు కొంచెం నొప్పిగా ఉండటం మామూలే, లేచాక కాసేపటికి తగ్గాలి.

సింగరేణిలో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు, రాత్రి డ్యూటీ డ్రైవర్లు గుర్తుపెట్టుకోవాల్సింది: ప్లేటు రాత్రికి కాదు, నిద్రకి. పగలు పడుకున్నా పెట్టుకోవాలి. మధ్యాహ్నం గంట కునుకు తీసినా అంతే.

8. స్క్రూ తిప్పడం

మందు మోతాదు లాంటిది ఇదే. ప్లేటు పెట్టుకోవడం ఎంత ముఖ్యమో దాన్ని సరైన చోటుకి జరపడం అంతకంటే ముఖ్యం, ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు.

స్క్రూ ఒక్కసారి తిప్పితే మీ ప్లేటు ఎంత జరుగుతుందో అడగండి, ప్లేటుని బట్టి మారుతుంది. నా దానికి ఒక తిప్పుకి పావు మిల్లీమీటరు. నా డాక్టర్ చెప్పిన పద్ధతి ఇది, మీకు మీ డాక్టర్ చెప్పిందే:

- మొదటి రెండు వారాలు అసలు తిప్పొద్దు.
- తర్వాత వారానికి రెండుసార్లు, ఆదివారం, బుధవారం, ఒక్కో తిప్పు.
- రెండు పక్కలా ఒకే లెక్క. ఒక పక్క తిప్పి ఇంకో పక్క మరిచిపోతే దవడ వంకరగా కూర్చుంటుంది, ఒకవైపు కీలు నొప్పి మొదలవుతుంది.
- తిప్పిన వెంటనే రాయాలి.

నేను వంటింటి గోడ మీది క్యాలెండర్ మీదే రాసేవాణ్ని. తేదీ గడిలో తిథి పక్కన ఖాళీలో కుడికి ఒక గీత, ఎడమకి ఒక గీత. కింద మా ఆవిడ రాసేది, "గురక లేదు", "రెండుసార్లు ఆగింది, లేపిన", "మంచిగ పండుకున్నడు". తొమ్మిది వారాల తర్వాత ఆ కాగితాలు చింపి డాక్టర్ ముందు పెడితే, ఏ తిప్పు దగ్గర తేడా మొదలైందో ఆయనకి వేలుపెట్టి చూపించగలిగాం. యాప్‌లో రాసుకున్నా ఫరవాలేదు. పక్కన పడుకున్నవాళ్ల మాట మాత్రం తప్పకుండా ఉండాలి, నిద్రలో ఊపిరి ఆగిన సంగతి మనకి తెలియదు.

రోజూ రాయాల్సినవి నాలుగే: ఎన్ని గంటలు నోట్లో ఉంది, గురక ఉందా, లేచినప్పుడు తలనొప్పి ఉందా, మధ్యాహ్నం నిద్ర వచ్చిందా.

ఎక్కడ ఆపాలి? పగటి నిద్ర పోయి, లేచేసరికి తేలిగ్గా ఉండి, పక్కవాళ్లకి ఊపిరి ఆగడం కనపడకపోతే అక్కడ ఆపండి. ఇంకా తిప్పితే ఇంకా మేలని తిప్పుకుంటూ పోవద్దు, మేలు పెరగకుండా దవడ నొప్పి మాత్రం పెరగవచ్చు. డాక్టర్ పెట్టిన హద్దు వచ్చినా లక్షణాలు తగ్గకపోతే కూడా ఆపాలి, ఆపి ఆయన దగ్గరికే పోవాలి.

తిప్పాక పొద్దున నొప్పి గంటకి మించి ఉంటే ఒక తిప్పు వెనక్కి తీసుకుని, మూడు నాలుగు రోజులు అక్కడే ఉండండి. తర్వాత మళ్లీ ముందుకి. తొందర వద్దు, ఈ పనికి రెండు మూడు నెలలు పట్టడం సహజం.

9. పొద్దున లేచాక దవడ సంగతి

దీని గురించి ఎవరూ ముందే చెప్పరు, చెప్పకపోవడంతో చాలామంది భయపడి మానేస్తారు.

రాత్రంతా ముందుకున్న దవడ ప్లేటు తీయగానే తన చోటికి రాదు. మొదటి నెలలో ఒకరోజు లేచీ లేవంగానే సర్వపిండి ముక్క నోట్లో పెట్టుకున్నాను. ముందు పండ్లు ఒకదానికొకటి తగులుతున్నాయి, వెనక దవడ పండ్ల మధ్య ఖాళీ, ఎంత నమిలినా ముక్క తెగట్లేదు. గుండె జల్లుమంది, పండ్లు శాశ్వతంగా పక్కకి పోయాయనుకున్నాను. అరగంటకి మామూలైంది.

రోజూ ఇలా చేయండి:

- ప్లేటు తీసి పది నిమిషాలు వదిలేయండి.
- పొద్దున పెట్టుకునే బిళ్ల ఇచ్చి ఉంటే దాన్ని పెట్టుకుని వెనక పండ్లు కలిసేదాకా మెల్లగా కొరికి పట్టుకోండి, వదలండి. ఐదు పది నిమిషాలు.
- బిళ్ల లేకపోతే గడ్డం మీద చేత్తో మెల్లగా వెనక్కి ఆనించి, వెనక పండ్లతో కొరికి పట్టుకుని వదలడం ఇరవైసార్లు.
- వెనక పండ్లు రెండు వైపులా కలిశాయని తెలిశాకే టిఫిన్.

వ్యాయామం చేశాక కూడా మధ్యాహ్నం దాకా పండ్లు కలవకపోతే అది డాక్టర్‌కి చెప్పాల్సిన విషయం. ఇంకో నిజం కూడా తెలిసి ఉండాలి: ఏళ్ల తరబడి వాడితే ముందు పండ్ల అమరిక కొంచెం కదలడం చాలామందిలో కనిపిస్తుంది. పై ముందు పండ్లు కాస్త లోపలికి, కింది ముందు పండ్లు కాస్త ముందుకి వస్తాయి. ఇది తెలిసే ఒప్పుకోవాలి. నా లెక్కలో, రాత్రిళ్లు ఊపిరి ఆగకపోవడానికి అది ఇవ్వదగ్గ ధరే, కానీ ఆ నిర్ణయం మీది.

10. తేడా వస్తే

- *నిద్రలో ప్లేటు తెలియకుండా తీసేస్తున్నారు:* ఎక్కడో ఒత్తిడి ఉంది, లేదా తొందరగా ఎక్కువ తిప్పారు. రెండు తిప్పులు వెనక్కి.
- *ఒక్క పన్నే నొప్పి:* వారం దాటితే ఆ చోట ప్లేటు లోపల అరగదీయించాలి. ఇంట్లో గోళ్లు అరగదీసే ఆకురాయితో గీకొద్దు.
- *చెవి ముందు కీలులో నొప్పి, టక్కుమన్న చప్పుడుతో నొప్పి:* తిప్పడం ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయండి. నోరు ఇరుక్కుపోతే అదే రోజు పోవాలి.
- *జలుబు, ముక్కు దిబ్బడ:* ఉప్పు నీళ్ల స్ప్రే వాడి చూడండి. అసలు ఊపిరి ఆడకపోతే ఆ రాత్రి ప్లేటు వదిలేసి, పక్కకి తిరిగి, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి.
- *కొన్నాళ్లు బాగుండి మళ్లీ గురక:* బరువు పెరిగిందా, ప్లేటు వదులైందా, స్క్రూ తనంతట తాను వెనక్కి తిరిగిందా చూసుకోండి.
- *పెళ్లిళ్లలో, పండగల్లో మందు, కల్లు తాగిన రాత్రి:* గొంతు కండరాలు ఇంకా వదులవుతాయి, ప్లేటు ఉన్నా అప్నియా పెరుగుతుంది. నిద్రమాత్రలు కూడా డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు.

వెల్లకిలా పడుకుంటేనే అంకె పెరిగేవాళ్లు బనియన్ వెనక వీపు మీద ఒక జేబు కుట్టించి అందులో టెన్నిస్ బంతి పెట్టుకోండి. చూడటానికి చిన్న ఉపాయమే, ప్లేటుతో కలిపితే బాగా పనికొస్తుంది.

11. కడగడం, దాచడం

లేవగానే చల్లటి నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో, ఒక చుక్క లిక్విడ్ సబ్బు వేసి రుద్దండి. టూత్‌పేస్ట్ వద్దు, అందులోని గరుకుకి ప్లేటు మీద సన్న గీతలు పడి వాటిలో మురికి పడుతుంది. వేడి నీళ్లు అసలే వద్దు, ప్లేటు వంగిపోతుంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ ఉన్న ఇళ్లలో తెల్లటి పొర కడుతుంది, చివర్లో తాగే నీళ్లతో కడిగి గుడ్డతో తుడవండి. వారానికోసారి కట్టుడు పండ్లు నానబెట్టే మాత్ర వేసి నానబెట్టొచ్చు, మీ ప్లేటుకి పడుతుందా అని మాత్రం అడగండి.

ఆరాక గాలి రంధ్రాలున్న డబ్బాలో పెట్టండి. ఎండాకాలం కారులో వదిలేయొద్దు, మన మే నెల ఎండకి సాయంత్రానికి ఆ ప్లేటు పనికిరాకుండా పోతుంది. కాగితంలో చుట్టి టేబుల్ మీద పెడితే చెత్తలో పోతుంది. కుక్క ఉన్న ఇంట్లో ఎత్తులో పెట్టండి, ఆ వాసనకి కొరికేస్తుంది.

పండ్లు తోముకోకుండా ప్లేటు పెట్టుకోవద్దు. పాలు, తీపి తాగి అలాగే పెట్టుకుంటే రాత్రంతా ఆ తీపి పండ్లకి అంటుకునే ఉంటుంది, పుచ్చులు ఖాయం.

12. రెండో స్లీప్ స్టడీ

తిప్పడం ఆపాక, ప్లేటు నోట్లో పెట్టుకుని మళ్లీ టెస్టు. నేను వదులుకోనిది ఈ ఒక్క మెట్టే. గురక లేదు, హుషారుగా ఉంది, ఇంకెందుకు అని అందరూ అంటారు. నా మొదటి నాలుగు నెలలు గుర్తు చేసుకోండి.

పోయేముందు:

- కనీసం రెండు మూడు వారాలుగా స్క్రూ ఒకేచోట ఉండాలి
- ప్లేటు రాత్రంతా నోట్లో ఉండే అలవాటు అయ్యుండాలి
- మొదటి రిపోర్టు వెంట ఉండాలి
- మొదటి టెస్టు ఏ రకమో ఇదీ ఆ రకమే అయితే పోల్చడం తేలిక
- మామూలుగా ఎలా పడుకుంటారో అలాగే పడుకోవాలి, ఆ ఒక్కరాత్రి జాగ్రత్తగా పక్కకి తిరిగి పడుకుంటే రిపోర్టు మనల్నే మోసం చేస్తుంది

ఏహెచ్ఐ 5 కంటే కిందికి వస్తే చాలా మంచిది. సగానికి పైగా తగ్గి, 10 లోపు ఉండి, ఆక్సిజన్ నిలబడి, పగటి నిద్ర పోతే డాక్టర్లు చాలామందికి సరేనంటారు. నా రెండో ప్లేటుతో 28 కాస్తా 7కి వచ్చింది. తగ్గకపోతే ఇంకొంచెం జరపడమో, పక్కకి పడుకునే ఉపాయం కలపడమో, సీపాప్‌కి మారడమో డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాలి. ప్లేటు పనిచేయలేదని అసలు చికిత్సే మానేయడం మాత్రం వద్దు.

ఈ టెస్టు రిపోర్టు చేతికొచ్చేదాకా పగలు నిద్ర ముంచుకొచ్చేవాళ్లు హైదరాబాద్ హైవే మీద బండి తీయొద్దు. నేను జనగామ దగ్గర ఒకసారి డివైడర్‌ పక్క గీతల మీదికి పోయి, టైర్ల చప్పుడుకి లేచాను. వెనక సీట్లో పిల్లలున్నారు.

13. తర్వాతి ఏళ్లు

టెస్టు బాగున్నాక మొదటి ఏడాది ఆరు నెలలకోసారి డెంటిస్ట్, తర్వాత ఏడాదికోసారి. ప్రతిసారీ ప్లేటు, పాత ఫోటోలు తీసుకుపోండి. పండ్లు కలిసే తీరు, చిగుళ్లు, కీలు, ప్లేటు పగుళ్లు చూడమనండి. స్లీప్ డాక్టర్‌ని కూడా మానేయొద్దు. బరువు బాగా మారినా, బీపీ మళ్లీ ఎక్కినా, పగటి నిద్ర తిరిగొచ్చినా మరో టెస్టు.

ఏదైనా ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌కి అప్నియా ఉందని ముందే చెప్పండి, ప్లేటు ఆసుపత్రికి తీసుకుపోండి. ఈ మాట మీకు గుర్తుండకపోవచ్చు, ఇంట్లో వాళ్లకి కూడా చెప్పి ఉంచండి.

ప్లేటు జీవితకాలం కాదు. వాడకాన్ని బట్టి కొన్నేళ్లకి అరుగుతుంది, పగులుతుంది, వదులవుతుంది. రాత్రిళ్లు పండ్లు కొరికేవాళ్లకి ఇంకా తొందరగా. కొత్తది చేయించాక మళ్లీ మొదటి స్థానం, తిప్పులు, క్యాలెండర్, టెస్టు అన్నీ ఉంటాయి, కాకపోతే ఈసారి ఎక్కడికి చేరాలో కొలత మీ దగ్గర రాసి ఉంటుంది. పాత ప్లేటు సరిగానే పడుతుందని డాక్టర్ చూసి చెప్తే పారేయకుండా కడిగి దాచుకోండి, కొత్తది విరిగి రిపేరుకి పోయిన వారం రోజులు అదే ఆదుకుంటుంది.